బుకిట్ మెరంతి జూనియర్ల చివరి గోలు

ఇపో
1927 సెప్టెంబరు 18

ప్రియమైన తమ్ముడు పైడిరాజుకి,

లారెన్సు అన్నయ్య ఆశీస్సులు. నేను ఇక్కడికి వచ్చి మూడు వారాలైంది. రాద్దామని కూర్చోవడం, నీ పేరు రాసి ఆగిపోవడం, ఇలా నాలుగు కాగితాలు పాడుచేశాను. ఈసారి ఆగకుండా రాసేస్తాను.

బడి బాగానే ఉంది. నలభై మంది పిల్లలు. మన రబ్బరు తోట బడిలాగే ఇక్కడా కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళు పాఠం వినరు. కిటికీలోంచి సున్నపురాయి కొండలు కనిపిస్తాయి మరి, వాళ్ళని ఏమనను?

హాకీ సంగతి రాయకపోతే నువ్వు ఊరుకోవు. ఇక్కడ జూనియర్ జట్లే ఎనిమిది ఉన్నాయి. పెద్ద జట్లకి ఊరి మధ్యన పడాంగు మైదానం ఉంది, పచ్చగా, బల్లపరుపుగా, చుట్టూ జనం కూర్చోడానికి బెంచీలతో. జూనియర్లని అందులోకి అడుగు పెట్టనివ్వరు. మనతో షీల్డు మ్యాచి ఆడిన స్టార్ జట్టు కుర్రాళ్ళు ఆడేది తగరం గనుల వెనక ఇసక మేట మీద. బంతి ఎంత గట్టిగా కొట్టినా సగం దూరం పోయి కూరుకుపోతుంది. ఆ రోజు వాళ్ళు మన మైదానంలోకి దిగగానే వంగి గడ్డిని చేత్తో తడిమారు, గుర్తుందా? మనవాళ్ళు నవ్వారు. ఎందుకు తడిమారో ఇక్కడికొచ్చాక తెలిసింది.

మన మైదానం లాంటిది ఇక్కడ ఏ జూనియర్లకీ లేదు. బురద నేలలో రెండేళ్ళు కాలవలు తీసి, ఆదివారాలు ఆడామగా కలిసి ఎర్రమట్టి మోసి పోసి చేసుకున్నది. షీల్డు గెలిస్తే ఆ నేల మీకే వదిలేస్తాను, ఓడితే రబ్బరు మొక్కల నర్సరీకి తీసుకుంటానని తోట దొర అన్నప్పుడు, గెలుస్తామని నేనూ నమ్మాను. కెప్టెనువి నువ్వు కదా.

పైడిరాజూ, ఆ రోజు గురించి మనిద్దరం ఒక్కసారీ మాట్లాడుకోలేదు. చెరో గోలు. ఇంకా రెండు నిమిషాలుంది. నువ్వు కొట్టిన బంతి గోల్లో పడింది. అంపైరుగా నేను ఈల ఊది, కొట్టేముందు బంతి నీ కాలికి తగిలింది కాబట్టి గోలు చెల్లదన్నాను. ఆ ఫ్రీ హిట్టు అందుకుని స్టార్ వాళ్ళు అవతలి కొసకి పోయి గోలు చేశారు. షీల్డు వాళ్ళతో వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా నాకు ఇపోలో ఉద్యోగం వచ్చింది. ఈ బడి కమిటీలో స్టార్ జట్టు సెక్రటరీ ఒకడు. జనం ఆ రెండూ కలిపి చూసుకున్నారు. మ్యాచికి రెండు నెలల ముందే అర్జీ పెట్టానని ఎవరికి చెప్పుకోను?

నీమీద నాకు కోపం లేదు. ఒక్కటే అడుగుతున్నాను, తీరిక చూసుకుని రాయి. బంతి కాలికి తగిలినట్టు నీకు తెలిసిందా?

అమ్మని చూస్తూ ఉండు. నాతో రమ్మంటే రానంది. "ఇప్పుడు పోతే తప్పు చేసి పారిపోయినట్టుంటాది నాయనా" అంది. పిల్లల కొట్టులో ఆయా పని ఉంది కదా, పసిపిల్లలతో పొద్దుపోతుందిలే అని నేనూ ఊరుకున్నాను. మీ అక్క నూకమ్మ కొడుకు అమ్మ ఒళ్ళో తప్ప పడుకోడట, నిజమేనా?

ప్రేమతో,
మీ లారెన్సు


బుకిట్ మెరంతి తోట
1927 అక్టోబరు 23

ప్రియమైన మేస్టారన్నయ్యకి,

పైడిరాజు దండాలు పెట్టి రాసినది. మీ ఉత్తరం అందినాది. నాను రాసిన దాన్లో తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది పంపీకండి, ఇప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు.

ఇక్కడ అందరం బాగున్నాం. మైదానం మాత్రం నేదు. మొన్న సోమారం పొద్దున్నే పెరట్టు హాజరులో పేర్లు పిలిసినప్పుడు ఇరవై మందిని పక్కకి నిలబెట్టి, పారలిచ్చి పంపినారు. ఆ ఇరవైలో మా అయ్య వున్నాడు. తట్టలతోటి మట్టి మోసి మైదానం సేసినోడే ఇప్పుడు దాన్ని మడులు కట్టినాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండా అలగే కూకున్నాడు. గోలు స్తంభాలు పీకడానికి మనసొప్పక ఎవులూ ముట్టుకోనేదు. ఆకరికి మాకు పని సెప్పే కంగాణి గొడ్డలట్టుకుని ఒచ్చినాడు.

మేం రబ్బరు పాల కొట్టు ముందర బాట మీద ఆడుతున్నాం. లారీ ఒస్తే పక్కకి తప్పుకోవాల. కన్నబాబు వేరే తోటకి ఎల్లిపోయినాడు. జట్టుకి ఇప్పుడు తొమ్మిది మందిమే.

మార్తా పెద్దమ్మ బాగున్నాది. రోజూ పిల్లల కొట్టుకి ఎల్తున్నాది. మీరు బెంగెట్టుకోకండి.

ఆ రోజు సంగతి ఏటి రాయమంటారు అన్నయ్యా? అయిపోయినాది కదా. మీరు ఈల ఊదినారు, ఆట అయిపోయినాది. ఇపోలో మీరు మంచి మంచి ఆటలు సూస్తుంటారు, వోటి గురించి రాయండి. పెద్ద పడాంగులో గోలు కీపర్లు కాళ్ళకి ఏటి కట్టుకుంటారో రాయండి. మేం గోనిపట్టా కట్టుకుంటున్నాం.

మీ తమ్ముడు
పైడిరాజు


ఇపో
1928 ఫిబ్రవరి 5

ప్రియమైన పైడిరాజుకి,

నిన్న మన తోట ఆస్పత్రి డ్రెస్సరు మందుల కోసం ఇపో వచ్చి, పనిలో పనిగా నన్ను చూడ్డానికి వచ్చాడు. టీ తాగుతూ మామూలు మాటల మధ్యలో అన్నాడు, "మీ అమ్మగారికి నడుం నొప్పి తగ్గిందా? ఈ వయసులో కలుపు పని కష్టం కదా" అని.

కలుపు పనేమిటని అడిగాను. అప్పుడు అతనే అంతా చెప్పాడు. నేను అక్కణ్ణించి వచ్చేసిన వారానికే తల్లులు ఒక్కొక్కరూ పిల్లల్ని కొట్టులో దింపడం మానేశారట. లంచం తిన్నోడి తల్లి చేతికి మా పిల్లల్ని ఇవ్వం అన్నారట. చెట్ల నీడన గుడ్డ పరిచి పడుకోబెట్టుకుని రబ్బరు పాల గీతకి వెళ్ళారుగానీ అమ్మకి మాత్రం ఇవ్వలేదట. ఖాళీ ఉయ్యాలల మధ్య అమ్మ పది రోజులు కూర్చుంది. పదకొండో రోజు దొర ఇంకొకావిణ్ణి పెట్టి, అమ్మని కలుపు తీతకి పంపాడు. ఇదంతా నేను నీకు మొదటి ఉత్తరం రాయకముందే జరిగిపోయింది. మొట్టమొదట పిల్లాణ్ణి తీసుకుపోయింది మీ నూకమ్మేనట.

నువ్వేమో రోజూ పిల్లల కొట్టుకి వెళ్తోందని రాశావు.

నన్ను బాధపెట్టకూడదని రాశావని అనుకోవడానికి చాలా ప్రయత్నించాను. అమ్మ చెప్పకపోవడం నాకు అర్థమౌతుంది, ఆమె ఎప్పుడూ చెప్పదు. క్రిస్మసుకి వచ్చినప్పుడు చేతులు చీర కొంగులో దాచుకుంది. చలిగా ఉందంది. మన తోటలో చలేమిటని నాకు తట్టనే లేదు. నువ్వు ఆ నాలుగు రోజులూ కంటపడలేదు. బంధువుల ఇంటికి వెళ్ళావని మీ అయ్య పోలయ్య గుమ్మంలోంచే చెప్పి లోపలికి పోయాడు.

నేను ఈమధ్య ఈల ముట్టుకోవడం లేదు. పోయిన నెలలో ఇక్కడి జూనియర్లు ఒక మ్యాచికి అంపైరు లేడని బతిమాలితే వెళ్ళాను. ఎవరో కుర్రాడి కాలి దగ్గర బంతి ఆగింది. అందరూ నా వైపు చూశారు. ఈల నోట్లో ఉంది, ఊపిరి రాలేదు. ఆట ఆపి, ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చేశాను.

అందుకే మళ్ళీ అడుగుతున్నాను. ఆ బంతికి అందరికంటే దగ్గరగా ఉన్నది నువ్వు. తగిలిందా, లేదా? ఏదైనా సరే, ఒక్క మాట రాయి. నిన్ను ఏమీ అనను.

నీ
లారెన్సు అన్నయ్య


బుకిట్ మెరంతి తోట
1928 మార్చి 11

ప్రియమైన అన్నయ్యకి,

దండాలు. పెద్దమ్మ సంగతి రాయనందుకు నా తప్పే. నూకమ్మ సేసిన దానికి నాకు సిగ్గుగా వున్నాది. నాను సెప్పినా ఇన్నేదు.

నా గీత పని పదకొండు గంటలకి అయిపోతాది. అప్పుడెల్లి పెద్దమ్మ వరసలో కలుపు నాను తీసేస్తున్నాను. ఆయమ్మ ఒద్దంటాది. నాను ఇనను.

బంతి సంగతి నాకు తెలీదన్నయ్యా. పరుగులో వున్నాను. సూడనేదు.

పైడిరాజు


బుకిట్ మెరంతి తోట
1929 ఆగస్టు 25

ప్రియమైన మేస్టారన్నయ్యకి,

ఈ ఏడాదిన్నరలో మీరు మూడు ఉత్తరాలు రాసినారు. మూడూ నా పెట్టెలోనే వున్నాయి. దేనికీ జవాబు రాయనేదు. రాసే మొహం నేదు. ఇప్పుడూ నేదు గాని, రాయకపోతే ఇంక బతకలేను.

పెద్దమ్మకి జొరం ఒచ్చినది శుక్రోరం. మలేరియా అన్నాడు డ్రెస్సరు. ఆ జొరాలు ఇక్కడ అందరికీ ఒస్తాయి పోతాయి, ఇదీ అలగే పోతాదనుకున్నాం. సోమారానికి మాట తడబడిపోయినాది. తంతి ఇమ్మని నానే డ్రెస్సరుని బతిమాలినాను. మీరు ఒచ్చేసరికి పాస్టరుగారొచ్చి ప్రార్థన సేసి మట్టి సేసేసినారు. మీరు సమాధి కాడ నిలబడ్డం సూసినాను. రబ్బరు సెట్ల ఎనకాల నిలబడి సూసినాను. మీరు నా కోసం అడిగినారంట. దగ్గిరకి రానేకపోయినాను.

ఆయమ్మ ఆకరి రోజుల్లో పక్కన కూకున్నది నాను, మా నూకమ్మ. అవును, నూకమ్మే. జొరం అని తెలిసి గంజి కాసుకుని ఒచ్చినాది. గుమ్మంలో నిలబడి లోపలికి రావడానికి జంకితే, పెద్దమ్మ సెయ్యి సాపి, "పిల్లోడికి మాటలొచ్చినాయేటే?" అని అడిగినాది. అంతే, నూకమ్మ ఆ మంచం పట్టిని పట్టుకుని ఏడిసేసినాది.

తరవాత పెద్దమ్మ నాతోటి అన్నాది, "నాయనా పైడీ, నువ్వు నా వరసలో కలుపు ఎందుకు తీస్తున్నావో నాకు తెలుసు. నువ్వు సెప్పక్కరనేదు. నా కొడుకు సూడకుండా ఈల ఊదడు. అంత మటుకు నాకు సాలు."

ఆయమ్మకి మొదట్నించీ తెలుసు. తెలిసీ రెండేళ్ళు నా సేతి నీళ్ళు తాగినాది. నన్ను ఒక్క మాట అన్నేదు.

అన్నయ్యా, తగిలినాది. బంతి నా ఎడమ కాలికి తగిలినాది. బొటనేలు మీద. గట్టిగానే తగిలినాది, రెండు రోజులు కుంటినాను. కాలికి తగిలి బంతి నా కర్రకి అందినాది కాబట్టే నాను కొట్టగలిగినాను. తగలకపోతే ఆ గోలు నేదు.

ఆట అవగానే జనం లోపలికి ఒచ్చేసినారు. మా అయ్య నన్ను బుజాలట్టుకుని, "తగిలినాదేట్రా? అమ్మోరి మీద ఒట్టేసి సెప్పు" అని అందరి ముందర అడిగినాడు. ఆ మైదానంలో మట్టి మోసినోళ్ళందరూ నా మొహమే సూస్తున్నారు. "తగల్నేదయ్యా" అన్నాను. అంతే అన్నాను. ఆ ఒక్క మాటకి ఇంత అవుతాదని తెలీదు. మర్నాడు సెబుదాం అనుకున్నాను. మర్నాటికి మీ ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. ఇంక సెబితే ఆ రాళ్ళు మా ఇంటి మీద పడతాయి అనుకున్నాను.

మీరు సమాధి సూసి ఎల్లిపోయిన మర్నాడు, పెరట్టులో ఆపీసు గుమస్తా కిరాణి పేర్లు పిలుస్తుంటే, నా పేరు ఒచ్చినప్పుడు నాను వరసలోంచి బయటికొచ్చి నిలబడినాను. "ఏటిరా?" అన్నాడు కంగాణి. నాను సెప్పేసినాను. తగిలినాది, నానే అబద్దమాడినాను, మేస్టారు తప్పు సెయ్యనేదు అని. అందరూ రబ్బరు పాల బకెట్లు కింద పెట్టేసినారు. మా అయ్య నా కాసి సూడకుండా కత్తి తీసుకుని గీతకి ఎల్లిపోయినాడు. ఆ రోజు నుంచి నాతోటి మాటల్నేవు. ఒక కంచంలో తిన్న జట్టోళ్ళు నన్ను సూసి బాట దాటి అవతలికి పోతున్నారు. దానికి నాకేటీ బాధ నేదు. పెద్దమ్మ ఇన్ని దినాలు నడిసిన బాటే కదా అది.

ఆయమ్మ బతికుండగా సెప్పాల్సింది. పది రోజుల ముందు సెప్పినా సరిపోయేది. ఆ ఆడోళ్ళు ఒకసారి ఒచ్చి ఆయమ్మ ఒళ్ళో ఒక పిల్లని పెట్టుంటే సరిపోయేది. అది నా సేతులారా పోగొట్టినాను.

నన్ను కొట్టండి, తిట్టండి. జవాబు రాయకపోయినా అడగను.

మీ దగ్గిర సదువుకున్నోడు
పైడిరాజు


ఇపో
1929 సెప్టెంబరు 8

ప్రియమైన నా తమ్ముడు పైడిరాజుకి,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. కోపం వల్ల ఆలస్యం చేశానని అనుకోకు. మొదటిసారి చదివినప్పుడు, దేవుడు నన్ను క్షమించుగాక, నాకు సంతోషం కలిగింది. "తగిలినాది" అన్న మాట మీద వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ తర్వాత అమ్మ నీతో అన్న మాట దగ్గరికి వచ్చాను. అక్కడ నా సంతోషం చచ్చిపోయింది.

నా కొడుకు చూడకుండా ఈల ఊదడు అంది కదా అమ్మ.

పైడిరాజూ, నేను చూడలేదు.

ఈ మాట ఇప్పటివరకూ కాగితం మీద కాదు, మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు. ఆ సాయంత్రం ఎండ నా కళ్ళలో పడుతోంది. నీకూ నాకూ మధ్య వాళ్ళ ఫుల్‌బ్యాకులు ఇద్దరున్నారు. నాకు నీ వీపు కనిపించింది, ఏదో మెత్తగా తగిలిన చప్పుడు వినిపించింది, తర్వాత బంతి గోల్లో కనిపించింది. ఆ చప్పుడు కాలిది కావచ్చు, తడి నేలది కావచ్చు. చూడందానికి ఈల ఊదకూడదని మీ అందరికీ నేర్పినవాణ్ణి నేనే.

మరెందుకు ఊదానంటావా? ఆట మొదలయ్యే ముందు స్టార్ సెక్రటరీ నాతో చెయ్యి కలిపి, నవ్వుతూ, "మైదానం మీది, ఈ కొస అంపైరు కూడా మీవాడే, ఇంక మాకేం మిగిలిందండీ?" అన్నాడు. సరదాకే అన్నాడు. కానీ ఆట సాగినంతసేపూ అది నా చెవిలోనే ఉంది. మన గోలు పడగానే మనవాళ్ళంతా కేకలేశారు. వాడు మాత్రం కదలకుండా నన్నే చూస్తున్నాడు. ఆ చూపుకి జవాబుగా ఊదాను. నేను మా తోట పక్షం కాదని ఒక పరాయి మనిషికి చూపించుకోడానికి మీ అందరి మైదానాన్నీ ఇచ్చేశాను. అది న్యాయమే అయిందని రెండేళ్ళ తర్వాత నీ కాలి బొటనవేలు చెబుతోంది. అందులో నా గొప్పేమీ లేదు.

నిన్ను ఉత్తరం తర్వాత ఉత్తరంలో ఎందుకు పీడించానో ఇప్పుడు తెలిసిందా? నిజం నీ చేత ఒప్పించాలని కాదు. నిజం నాకు తెలియదు కాబట్టి. నిన్ను ఏమీ అనను అని పెద్దమనసు ఉన్నవాడిలా రాశాను. అడగాల్సిన మాట అడగడానికి ముందు చెప్పాల్సిన మాట నేను చెప్పలేదు. "నేను చూడలేదు తమ్ముడూ, నువ్వైనా చెప్పు" అని రాసి ఉంటే, నువ్వు మొదటి ఉత్తరానికే చెప్పేసేవాడివేమో.

ఆ రోజు సాయంత్రం, రాళ్ళు పడకముందు, అమ్మ చేటలో బియ్యం ఏరుతూ నన్ను అడిగింది. "చూసినావా నాయనా?"

"చూశానమ్మా" అన్నాను.

"అయితే ఇంకేం భయం" అని మళ్ళీ బియ్యం ఏరుకుంది.

ఆ మాట పట్టుకుని ఆమె ఆ తోటలో ఉండిపోయింది. లేదమ్మా, చూడలేదు, ఏదో ఊదేశాను అని ఉంటే, "సరేలే, పద" అని మూట కట్టుకుని నాతో వచ్చేసేది. నాకు తెలుసు, అమ్మ అలాంటిదే. తప్పు చేసిన కొడుకుతో ఎక్కడికైనా వచ్చేది. తప్పు చెయ్యని కొడుకు కోసం అక్కడే నిలబడింది. కలుపు తీసింది, జ్వరం తెచ్చుకుంది, పోయింది. నువ్వు చెప్పిన అబద్ధం తోటకి చెప్పావు. నేను చెప్పింది అమ్మకి.

నీ అబద్ధాన్ని నువ్వు పెరట్టులో, మీ అయ్య ముందు, అంతమంది ముందు వెనక్కి తీసుకున్నావు. నేను నా అబద్ధాన్ని వెనక్కి తీసుకోవాల్సిన మనిషి లేదు. అయినా తోటకి రాకుండా నా వంతు తీరదు. మేస్టారు తప్పు చెయ్యలేదని నువ్వు చెప్పిన మాటని అలా ఉంచేస్తే, రెండోసారి నీ చేత అబద్ధమాడించినవాణ్ణి అవుతాను.

వచ్చే శనివారం బడికి సెలవు పెట్టాను. పొద్దుటి రైలుకి బయల్దేరి వస్తాను. ఆదివారం పెరట్టు ఉండదు కాబట్టి, జనం సరుకుల కోసం కొట్టు దగ్గర చేరినప్పుడు చెబుతాను. ముందుగా మీ ఇంటికి వచ్చి పోలయ్య బాబుతో మాట్లాడతాను. నువ్వు నా తప్పు కూడా నీ నెత్తిన వేసుకున్నావని ఆయనకి నేనే చెప్పాలి. తలుపు తియ్యకపోతే బయట నుంచే చెబుతాను.

నేను చెప్పేటప్పుడు నువ్వు పక్కన నిలబడాలని అడగను. ఇప్పటికే చాలా పడ్డావు. కానీ నిలబడితే మాత్రం నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది.

నీ అన్నయ్య
లారెన్సు